హెడర్లు బిగించే ముందు సెన్సర్ల మాట

ప్రియమైన శేఖర్‌కు,

నీ మస్టాంగ్ జీటీ కారుకు లాంగ్ ట్యూబ్ హెడర్లు, అంటే ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే పొడవాటి గొట్టాలు, తెప్పించావనీ, శనివారం మీ గ్యారేజీలోనే బిగించబోతున్నావనీ నీ ఉత్తరంలో చదివి ఎంతో సంతోషించాను. నాకున్న బెంగంతా పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆ నాలుగు ఆక్సిజన్ సెన్సర్ల గురించే. నా కారుకు హెడర్లు మార్చిన రోజున సెన్సర్‌ను విప్పకుండానే పాత మానిఫోల్డ్‌ను, అంటే కంపెనీ బిగించిన పొగ గొట్టాన్ని, కిందికి దించాను. సెన్సర్ కొన కారు ఫ్రేముకు తగిలింది. పైకి గీత కూడా కనిపించలేదు గానీ లోపలి పింగాణీ చిట్లింది. ఇలా సెన్సర్ చెడి డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ దీపం వెలిగితే డాలస్ కౌంటీలో పొగ పరీక్ష గట్టెక్కదని నీకూ తెలుసు.

అందుకే ఏ బోల్టునూ ముట్టకముందే, ఇంజన్ గోరువెచ్చగా ఉండగా, బ్యాటరీ తీగ తీసి, సెన్సర్ల కనెక్టర్లు విడదీసి, పక్కన చీలిక ఉన్న 22 మిల్లీమీటర్ల సాకెట్‌తో నాలుగింటినీ విప్పెయ్యి. దేనికది చీటీ కట్టు. పొగను శుద్ధి చేసే కేటలిస్టుకు ముందుండేవి గాలి, పెట్రోలు పాళ్లను విడమరచి కొలిచే వైడ్‌బ్యాండ్ రకం, వెనుకవి వేరే రకం, తారుమారు కాకూడదు. తుప్పు వదిలించే నూనె చల్లినా అది సెన్సర్ కొనకు అంటనివ్వకు.

లాంగ్ ట్యూబులతో సెన్సర్ల స్థానం వెనక్కి జరుగుతుంది కాబట్టి తీగ చాలకపోవచ్చు. అప్పుడు తీగను లాగి సరిపెట్టకు, కోసి టంకం వేయకు. చాలా రకాల సెన్సర్లు పోల్చిచూసుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ తీగల సందుల గుండానే తీసుకుంటాయి. టంకంతోనో గ్రీజుతోనో దారి మూస్తే కొలత తప్పుతుంది. కనెక్టర్లున్న పొడిగింపు తీగలే కొను. వాటికి వేడిని తట్టుకునే తొడుగు వేసి, పైపులకు దూరంగా కట్టు.

గొట్టాల అతుకుల్లో పెట్టే గాస్కెట్ల దగ్గర మామూలు సిలికాన్ సీలెంట్ అసలు వాడకు. దాని ఆవిరి సెన్సర్ మీద ఇసుకపొరలా పేరుకొని దాన్ని మొద్దుబారుస్తుంది. కొత్త సెన్సర్లయితే మరలకు, అవి పట్టుకుపోకుండా, పూత పూసే వస్తాయి. పాతవాటికి పూసినా మరలకే పరిమితం చెయ్యి. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో సుమారు 45 న్యూటన్ మీటర్లు చాలు, అయినా నీ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించు.

స్టార్ట్ చేశాక గొట్టాలు కలిసే ఫ్లాంజ్ దగ్గర చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి చేరి, పెట్రోలు తక్కువైందని సెన్సర్ పొరబడుతుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచేస్తుంది. అప్పుడు సెన్సర్‌ను అనుమానించి కొత్తది కొనకు, ముందు లీకు వెతుకు. నా దగ్గర చీలిక సాకెట్ ఉంది. శనివారం ఉదయం ఎనిమిదికల్లా తీసుకొస్తాను, నేను వచ్చేదాకా మానిఫోల్డ్‌ను దించకు.

నీ
రఘు