మా నాన్న గ్రాఫ్ కాగితాలు ఇప్పించండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

ఉమ్మడి నల్లగొండ జిల్లా పుట్టపాకలో మాది చేనేత కుటుంబం. నాన్న పోయాక, ఆయన నేత డిజైన్లు గీసుకున్న గ్రాఫ్ కాగితాల కట్టను ప్రదర్శన కోసమని ఒక కార్యాలయం వారు తీసుకెళ్లారు. ప్రదర్శన అయిపోయింది, కాగితాలు రాలేదు. అర్జీలకు జవాబు లేదు. వాన నీరు కారే గదిలో ఆ కట్టను చూసొచ్చినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

చీర మీద పూర్తయిన చిలుకే కనిపిస్తుంది. కాగితం మీదైతే దాని ముక్కును చెరిపి, మళ్లీ గీసి, ఒక గడి పక్కకు జరిపిన జాడ ఉంటుంది. పక్కనే పెన్సిల్‌తో 'ఎరుపు తర్వాతే నలుపు. ఈ ముడి అప్పుడే విప్పొద్దు' అని నాన్న రాత. నూలుకు ముడులు కట్టి రంగు అద్దే మా పనిలో ఆలోచనంతా మగ్గం ఎక్కకముందే జరిగిపోతుంది. ఇలా రంగు అద్దిన నూలుతో నేసే పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. దాని వెనకున్న బుర్ర ఇలాంటి కాగితాల్లోనే ఉంది సార్. అవి లేక నాన్న మొదలుపెట్టిన డిజైన్ తమ్ముడి చేతిలో సగంలో ఆగింది. అడ్వాన్సు ఇచ్చినవారు డబ్బు వెనక్కి అడుగుతున్నారు.

ఈ నెలాఖరులోగా కాగితాలు మాకు ఇప్పించండి. స్కాన్ చేయించి, నాన్న పేరుతో గ్రంథాలయంలో ఉంచితే సంతోషిస్తాం. అసలు ప్రతులు మాత్రం మా ఇంటికే రావాలి.

భవదీయుడు,
ఒక నేతన్న కొడుకు, పుట్టపాక