టైమ్‌టేబుల్‌లో ఉన్న సంగీతం తరగతిలో ఏది?

సంపాదకులకు నమస్కారం.

కొత్త విద్యా సంవత్సరానికి బడులు టైమ్‌టేబుళ్లు సిద్ధం చేసుకుంటున్న వేళ, విజయవాడలోని పలు పాఠశాలల్లో సంగీతం, చిత్రలేఖనం పీరియడ్లు కాగితానికే పరిమితమవుతున్న తీరును మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలనుకుంటున్నాను. మా మనవరాలు చదివే బడి డైరీలో శనివారం చివరి పీరియడ్ ఎదురుగా ‘సంగీతం/డ్రాయింగ్’ అని అచ్చయి ఉంటుంది గానీ, దసరా సెలవులు దాటాయంటే ఆ సమయానికి లెక్కల స్లిప్‌టెస్టు వచ్చి కూర్చుంటుంది. వార్షికోత్సవానికి పది రోజుల ముందు మాత్రం బయటి నుంచి డ్యాన్స్ మాస్టరును పిలిపించి, సినిమా పాట రికార్డుకు పిల్లల చేత అడుగులు వేయించి, అదే కళావిద్య అనిపిస్తారు.

ఇది ఇష్టమైతే పెట్టుకునే, లేకపోతే మానుకునే విషయం కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. పాఠ్యాంశాలకూ కళలకూ మధ్య గట్టి గీత గీయరాదని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది.

సంగీతం నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని కొందరు కళల పక్షాన వాదిస్తుంటారు. నాకది రుచించదు, ర్యాంకుకు పనికొస్తేనే పాటకు చోటిస్తామన్నట్టుంటుంది. సంగీతం నేర్పేది సంగీతమే ఇవ్వగలిగిన శిక్షణ. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు, పాడే పిల్లను గమనించండి: చేయి ఆదితాళం ఎనిమిది క్రియలనూ (చేతి లెక్కలనూ) ఒకే నడకన వేస్తుండగా, గొంతు మొదటి కాలంలో (వేగంలో) క్రియకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు పలకాలి. కాలం పెరిగిన కొద్దీ చేయి కూడా తొందరపడుతుంది. దాన్ని పట్టి ఆపడం ఎవరూ మాటలతో నేర్పలేరు, పదేపదే పాడితేనే పట్టుబడుతుంది. నలుగురితో కలిసి పాడేటప్పుడు పక్కవారి శ్రుతి వినక తప్పదు. పోటీ పరీక్షల కోసం ఎవరి బెంచీలో వారు తలవంచుకు కూర్చునే పిల్లలకు ఈ వినికిడి మరెక్కడ దొరుకుతుంది?

నేర్పేవారు లేరన్న సాకు మన ఊరికి నప్పదు. ఆకాశవాణి కేంద్రం ఇక్కడ 1948లోనే వెలసింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల నేడు ఘంటసాల పేరుతో నడుస్తోంది. కూచిపూడి పొరుగున కృష్ణా జిల్లాలోనే ఉంది. తెల్ల పొణికి కర్రను బొమ్మగా మలిచే కొండపల్లి పనివారు కూతవేటు దూరంలో ఉన్నారు. గాత్రంలో, వాద్యంలో, నృత్యంలో డిప్లొమా చేసి ఇంటివద్ద ట్యూషన్లు చెప్పుకొనే వారికి గౌరవప్రదమైన పారితోషికమిచ్చి, వారంలో రెండు పీరియడ్లు, అవీ పిల్లలు అలసిపోయిన సాయంత్రం కాకుండా ఉదయం పూట, అప్పగించడం యాజమాన్యాలకు మోయలేని భారమేమీ కాదు.

జిల్లా విద్యాశాఖాధికారులకు నా విన్నపం ఒక్కటే. తనిఖీకి వెళ్లినప్పుడు పదో తరగతి ఫలితాలతో పాటు కళావిద్య బోధకుల హాజరు పట్టీని కూడా అడిగి చూడండి. టైమ్‌టేబుల్‌లో సంగీతమని రాసి ఉన్న వేళకే ఆ తరగతి గదిలోకి వెళ్లండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మొగల్రాజపురం, విజయవాడ.