ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం, ఆమదాలవలస మండలం: 2025-26 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నియమావళిలో ఉంది. కిందటిసారి కోరం కోసం చాలాసేపు ఎదురుచూసి, ఉన్నవాళ్లతోనే మమ అనిపించాం. అందుకే ఈసారి నివేదిక ముందుగా పంపుతున్నాం. వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మ పెట్టే ముందు దయచేసి ఒకసారి చదవండి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

సెప్టెంబరు మేళా

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది సెప్టెంబరు 20న బడి మైదానంలో జరిపిన ఆటలు, ఉద్యోగాల మేళా. మన పక్కనున్న ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి గారు సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చింది 2000 సెప్టెంబరు 19న. ఆ పతకానికి పాతికేళ్లు నిండిన మర్నాడే మేళా పెట్టుకున్నాం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన మండలంలో పెరిగిందంటే ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం మంది నమ్మలేదు. ఫొటో చూపిస్తే సరిపోదనిపించి, రైస్ మిల్లు నడిపే మన సభ్యుడి దగ్గర 26 కిలోల బియ్యం బస్తాలు అయిదు తెప్పించి వేదిక ముందు ఒకదానిమీద ఒకటి పేర్చాం. అయిదు బస్తాలు కలిపితే 130 కిలోలు. సిడ్నీలో ఆ రోజు క్లీన్ అండ్ జర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా తెచ్చి తర్వాత పైకి లేపే పద్ధతిలో, ఆమె తల మీదికెత్తిన బరువు సరిగ్గా అంతే. ఒకే ఊపులో పైకి లేపే స్నాచ్‌లో 110, మొత్తం 240 కిలోలు. పదో తరగతి కుర్రాళ్లు ఒక్క బస్తా ఎత్తడానికి పోటీలు పడ్డారు. ఒకడు భుజం దాకా తెచ్చి, అక్కడినుంచి పైకి లేపలేక నవ్వుతూ దించేశాడు. కోచ్ నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర మల్లీశ్వరి గారు, ఆమె అక్కచెల్లెళ్లు బరువులెత్తడం నేర్చుకున్న సంగతి మన పెద్దవాళ్లు మైకులో చెబుతుంటే, అప్పుడు మాత్రం పిల్లలు కదలకుండా విన్నారు.

ఉపన్యాసాలు పెట్టకూడదని కార్యవర్గంలో ముందే తీర్మానించుకున్నాం. వరండాలో బల్లలు వేసి ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పూర్వ విద్యార్థిని కూర్చోబెట్టాం: రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, విశాఖలో స్టాఫ్ నర్స్, సెలవు మీద వచ్చిన ఆర్మీ హవల్దార్, ఐటీఐ చదివిన ఫిట్టర్, రైతు సేవా కేంద్రంలో పనిచేసే అమ్మాయి, ఒక పీఈటీ, సొంతంగా వైరింగ్ పనులు పట్టే ఎలక్ట్రీషియన్. సాఫ్ట్‌వేర్ వాళ్లకీ ఒక బల్ల వేశాం గానీ అక్కడ రద్దీ తక్కువ. లోకో పైలట్ దగ్గరైతే క్యూ మెట్లు దిగి చెట్టు దాకా పోయింది. ఇంజనీరింగ్ చదవకుండా, ఐటీఐ మీద కూడా ఆ పరీక్ష రాయొచ్చని చాలామంది పిల్లలకీ, వాళ్లను తీసుకొచ్చిన మేనమామలకీ ఆ రోజే తెలిసింది. నర్సు గారిని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి జీతం ఎంతని అడగలేదు. "నైట్ డ్యూటీ అయితే ఇంటికెలా ఎల్తారక్కా?" అని అడిగింది. హాస్టల్, షిఫ్టులు, బస్సు, మొదటి రోజుల్లో పడ్డ భయం, అన్నీ ఆమె ఓపికగా చెప్పారు. నా దృష్టిలో మేళా మొత్తానికి విలువైన పది నిమిషాలవి.

పొద్దున వాన పడి ముగ్గుపిండితో గీసిన గీతలు కొట్టుకుపోయాయి. పీఈటీ మాస్టారు, ఇద్దరు పిల్లలు మళ్లీ గీశారు. మన మైదానంలో 400 మీటర్ల ట్రాక్ పట్టదు, 200 మీటర్లదే గీస్తాం. అగ్నివీర్ ఎంపికలో 1600 మీటర్ల పరుగంటే మన దగ్గర ఎనిమిది రౌండ్లన్న మాట. 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే పూర్తి 60 మార్కులు, పది పుల్ అప్స్ తీస్తే 40. హవల్దార్ గారు విజిల్ వేసి ఇంటర్ కుర్రాళ్లను పరిగెత్తించారు. మొదటి రెండు రౌండ్లు గుర్రాల్లా ఉరికినవాళ్లు అయిదో రౌండ్‌కి నడుం పట్టుకున్నారు. వెనక నెమ్మదిగా మొదలెట్టిన ఒక బక్కపలచటి అబ్బాయి అందరినీ దాటేశాడు. మార్చి దాకా రోజూ తెల్లవారుజామున మైదానంలో కనిపించింది అతనొక్కడే అని మాస్టారు చెప్పారు.

ముఖ్య అతిథిగా పిలిచిన అధికారి మధ్యాహ్నానికి వచ్చి, అయిదు నిమిషాలుండి, ఫొటో దిగి వెళ్లారు. ఆయన వచ్చేదాకా బహుమతులు ఆపాలని పట్టుబట్టిన సభ్యులకు ఒక్క మాట. ఎండలో కూర్చున్నది పిల్లలు, మనం షామియానా కింద ఉన్నాం. వచ్చే ఏడాది బహుమతులు మిడ్డే మీల్ వండే అక్కల చేతుల మీదుగా ఇప్పించాలని ప్రతిపాదిస్తున్నాను. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ఆటలు

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలకు అండర్-14, అండర్-17 విభాగాల్లో ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ జట్లు పంపాం. బూట్లు, జెర్సీలు, మోకాలి ప్యాడ్లు సంఘం కొన్నది. అమ్మాయిల ఖోఖో జట్టు మండలం దాటి జిల్లా ఎంపికలకు వెళ్లింది, అందులో ఇద్దరికి జిల్లా జట్టులో చోటు దక్కింది.

ఇంకొక అమ్మాయికి కూడా దక్కాల్సింది. బడి రిజిస్టర్లో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకొకటి. బళ్లో వేసేటప్పుడు ఎవరో నోటికొచ్చిన తేదీ రాయించేశారు. ఆధార్ ప్రకారం చూస్తే వయసు దాటిపోయింది. అండర్-14 టేబుల్ దగ్గర కాగితం తిరగేసి వెనక్కిచ్చేశారు. పిల్ల ఏడవలేదు, బూట్ల లేసులు విప్పి సంచిలో పెట్టుకుంది. ఆటలో ఓడితే సరిదిద్దుకోవచ్చు, ఇలాంటి వాటికి జూన్‌లోనే ఎవరో ఒకరు కూర్చుని జనన ధ్రువపత్రం, ఆధార్, అడ్మిషన్ రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. దానికి డబ్బు ఖర్చు కాదు, ఒక మనిషి కావాలి. ఆ పని తలకెత్తుకుంటామన్న ముగ్గురు సభ్యుల్లో ఒక్కరూ రాలేదు. పేర్లు రాయను, వాళ్లకు తెలుసు.

బయట ఊళ్లో జరిగే ఎంపికలకు అమ్మాయిల వెంట తోడుగా ఒక మహిళ ఉండాలి. గ్రూపులో అడిగితే శుభాకాంక్షలు వచ్చాయి, మనిషి రాలేదు. చివరికి బళ్లో మధ్యాహ్న భోజనం వండే ఆమె, తన చోట చెల్లెల్ని వంటకు పెట్టి పిల్లలతో వెళ్లారు. దారిలో వాంతులు చేసుకున్న పిల్లకి నిమ్మకాయ వాసన చూపించింది, రాత్రి గది తలుపు దగ్గర పడుకున్నది ఆవిడే. సంఘం తరఫున చీర పెట్టాం, అది చాలదని నాకు తెలుసు.

ఆటలు ఆడితే ఏమొస్తుందనే తండ్రులు ఈ ఏడాది కొంచెం మెత్తబడ్డారు. కారణం మెగా డీఎస్సీ. 16,347 పోస్టుల్లో 421 స్పోర్ట్స్ కోటాకు కేటాయించారు, వాటికి రాత పరీక్ష లేకుండా, ఆడిన స్థాయిని బట్టి ఎంపిక. అయితే మన పాత ఆటగాళ్లలో కొందరి సర్టిఫికెట్లు చెదలు తిన్నాయి, కొందరివి అసలు తెచ్చుకోనే లేదు. ఇప్పుడు ఆడే ప్రతి పిల్లకీ పిల్లవాడికీ ఒక ఫైలు ఇచ్చాం. మండల స్థాయి కాగితంతో సహా అందులో పెట్టి, జిరాక్స్ ఒకటి బడి బీరువాలో ఉంచుతున్నాం.

నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచాక, ఆ జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉందని తెలిశాక, ఏడో తరగతి అమ్మాయిలు క్రికెట్ కిట్ కావాలని అర్జీ ఇచ్చారు. సంతకాలు కూడా చేశారు. బ్యాట్లు రెండు కొన్నాం, మిగతాది దాతల దయ.

కడప క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి ప్రవేశాల కోసం ప్రాథమిక బడుల పిల్లలకు 30 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు ప్రాక్టీస్ చేయించాం. ఇద్దరు పిల్లలు బాగా చేశారు. ఇళ్లకు వెళ్లి అడిగితే ఒక తల్లి, "ఏటి బాబూ, తొమ్మిదేళ్ల గుంటని ఆ కొసకి పంపీమంటారేటి?" అంది. ఆమె మాటకు మా దగ్గర జవాబు లేదు. శ్రీకాకుళం నుంచి కడప అంటే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకు. తండ్రి చెన్నైలో సెంట్రింగ్ పని, నెలకోసారి చూసి రావడం కుదిరేది కాదు. ఇలాంటి బడి ఉత్తరాంధ్రలో కూడా ఉండాలని వినతిపత్రం ఇచ్చాం. రసీదు ఉంది.

స్కాలర్‌షిప్పులు, పది తర్వాత చదువులు

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షకు ఆదివారాలు శిక్షణ ఇచ్చాం. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ప్రభుత్వ బడి పిల్లలకు ఇంత మంచి పథకం ఉండీ, ఎంపికైనవాళ్లు కూడా డబ్బు పోగొట్టుకుంటున్నారు. పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి, ఏటా రెన్యువల్ చేయాలి, పిల్లల పేరున ఖాతా ఉండాలి, దానికి ఆధార్ లింక్ కావాలి. ఒక బ్యాంకులో మైనర్ ఖాతా తెరవమంటే ఈ రోజు సర్వర్ లేదు, రేపు సార్ లేరు, ఎల్లుండి సంతకం కలవలేదు. ఇటుకబట్టీలో కూలికెళ్లే తల్లి ఎన్ని రోజుల కూలి మానుకుంటుంది? చివరికి మన కోశాధికారి వెళ్లి కౌంటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు, సాయంత్రానికి పని అయింది.

పది పాసైన పిల్లల ఇళ్లకు మనకంటే ముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు వెళ్తారు. ఫలితాలు రాకముందే హాల్‌టికెట్ నంబర్లు రాసుకుపోతారు. వాళ్ల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, వాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు, మనం తిరగం. ఈసారి మార్చిలోనే తల్లిదండ్రుల సమావేశం పెట్టి పాలిసెట్, ఐటీఐ, ఏపీఆర్‌జేసీ (గురుకుల జూనియర్ కాలేజీలు), ట్రిపుల్ ఐటీ (ఆర్జీయూకేటీ) గురించి విడివిడిగా చెప్పాం. ట్రిపుల్ ఐటీకి వేరే ఎంట్రన్స్ లేదని, పదో తరగతి మార్కులే ఆధారమని, ప్రభుత్వ బళ్లో చదివినవారికి అదనంగా 4 శాతం కలుపుతారని చెబితే వెనక బెంచీల్లోంచి ఒక నాన్న లేచి మళ్లీ చెప్పమన్నారు. ఎచ్చెర్లలో క్యాంపస్ ఉండగా మన పిల్లలకు దాని దారి తెలియకపోవడం మన లోపమే. నైరా వ్యవసాయ కళాశాలకు ఒక బస్సులో పిల్లలను తీసుకెళ్లాం. పది తర్వాత వ్యవసాయ డిప్లొమా రెండేళ్లలో అయిపోతుందన్న సంగతి అక్కడే విన్నారు.

మెంటర్లు

ఈ భాగం రాయడం నాకు ఇష్టం లేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పూర్వ విద్యార్థిని జతచేశాం. పద్ధతి మీకు తెలిసిందే: ఆదివారం సాయంత్రం ఫోను, అమ్మాయిలకు మహిళలే మాట్లాడాలి, తల్లి ఫోనుకే చేయాలి, స్పీకర్ పెట్టాలి. జూలైలో అందరికీ ఉత్సాహమే. దసరా వచ్చేసరికి సగం ఫోన్లు ఆగిపోయాయి. ఆదివారం సాయంత్రం అమ్మ ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లకి మీ ఆఫీసు డెడ్‌లైన్లు తెలియవు. కుదరనివారు ఆ మాట ముందే చెబితే వేరేవాళ్లను చూసుకుంటాం.

ఇంకో సంగతి. మోటార్లు విప్పి బిగించడమంటే ప్రాణమిచ్చే కుర్రాడికి మన ఇంజనీరు గారొకరు నెలల తరబడి జేఈఈ గురించి పాఠం చెప్పారు. కుర్రాడు ఫోను ఎత్తడం మానేశాడు. అతన్ని ఎలక్ట్రీషియన్ బల్ల దగ్గర కూర్చోబెట్టాక కళ్లు వెలిగాయి. మనం నడిచిన దారి ఒక్కటే దారి కాదని మెంటర్ల శిక్షణలో ఈసారి గట్టిగా చెప్పాలి. కువైట్ నుంచి ఒక్క ఆదివారం తప్పకుండా ఫోన్ చేసిన డ్రైవర్ తమ్ముడికి, ప్రసవం సెలవులో ఉండి కూడా మాట్లాడిన టీచరమ్మకు సంఘం రుణపడి ఉంది.

జమాఖర్చులు

పట్టిక జతచేశాం, ఆడిట్ అయింది. మేళా ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది, షామియానా, భోజనాలే కారణం. మిగులు స్వల్పం. ప్రశ్నలుంటే కోశాధికారి గారు సభలో చెబుతారు.

కృతజ్ఞతలు

మైదానం, గదులు ఇచ్చిన ప్రధానోపాధ్యాయులు గారికి, సెలవు రోజుల్లోనూ విజిల్ మెడలోంచి తీయని పీఈటీ మాస్టారికి, గణితం, సైన్సు చెప్పిన ఉపాధ్యాయులకు, బియ్యం బస్తాలు మళ్లీ వెనక్కి తీసుకోకుండా హాస్టల్‌కు ఇచ్చేసిన మిల్లు యజమానికి, బూట్లకు డబ్బు పంపిన హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మిత్రులకు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చిన మెడికల్ షాపు వారికి, కిరాయి సగమే తీసుకున్న ఆటో అన్నలకు, మైకు సెట్టు కుర్రాడికి, వార్త వేసిన విలేకరులకు, వంటశాల అక్కలకు పేరుపేరునా ధన్యవాదాలు. ఎవరినైనా మర్చిపోతే సభలో నిలదీయండి.

సభలో తేల్చాల్సినవి: కొత్త కార్యవర్గం ఎన్నిక, జూన్‌లో సర్టిఫికెట్లు సరిచూడటానికి నలుగురి పేర్లు, అమ్మాయిల జట్ల వెంట వెళ్లే మహిళల జాబితా. ఈ రెండు జాబితాలూ నిండకపోతే వచ్చే ఏడాది మేళా తేదీ ప్రకటించవద్దని నా అభిప్రాయం, మినిట్స్‌లో రాయించండి. సభ్యత్వం బకాయిలు భోజనానికి ముందే కోశాధికారికి కట్టేయండి, తిన్నాక ఎవరూ దొరకడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి