పేజ్‌మేకర్ ఫైళ్లు పాడవకముందే

సంపాదకుల వారికి,

పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అందులో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన తెలుగు పుస్తకాలు పాత డిస్కుల్లోనే ఉండిపోయాయి. ఎంత ముచ్చటైన అక్షరాలవి! అయితే అవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద కూర్చున్నవి. ఫాంట్ లేకపోతే తెరమీద పిచ్చి గుర్తులే.

పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సీఎస్6 వెర్షన్ వరకే ఈ ఫైళ్లు తెరుచుకుంటాయి. ప్రచురణకర్తలు ముందు ఫ్లాపీలు, సీడీల నకళ్లు తీయించాలి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ చేయించాలి. అది చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో తెలుగు పదం వెతకలేం. అందుకే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్‌లోకీ మార్చాలి. గుడి, కొమ్ము, వత్తు విడి ముక్కలుగా ఉంటాయి కాబట్టి మార్పిడిలో వరస తప్పుతుంది. క్రావడి (ర వత్తు) ఉన్న ప్రతి మాటా ప్రూఫు చూడాల్సిందే. అసలు ఫైలు మాత్రం చెరపొద్దు.

– ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ