ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టలేరా?

సంపాదకుడు గారికి,

న్యుమోనియా దినం నాడు మా జిల్లాలో తీసిన ర్యాలీ వార్త పోయిన వారం మీ పేపర్లో చూశాను. ఫ్లెక్సీ బాగుంది, పట్టుకున్న పెద్దలూ బాగున్నారు. కేంద్రం 2019లో 'సాన్స్' అని కార్యక్రమం పెట్టి, 2025కల్లా ప్రతి వెయ్యి జననాలకు పసిపిల్లల న్యుమోనియా మరణాలు మూడు లోపే ఉండేలా చూస్తామంది. ఆ మాట ఏమైందని అక్కడ ఎవరూ అడిగినట్టు లేదు. న్యుమోనియా రాకుండా కాపాడే న్యుమోకోకల్ టీకా ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ఉచితంగా వేస్తారన్న ముక్క కూడా ఫ్లెక్సీ మీద కనబడలేదు. ముఖాలకే జాగా చాలలేదేమో!

పసిబిడ్డకు నెమ్ము, అదే న్యుమోనియా, చేసిందని అనుమానించడానికి పెద్ద మెషిన్లు అక్కర్లేదు. బిడ్డ ఏడవనప్పుడు చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40. అంతకు చేరితే ఊరుకోకూడదు. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయా, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆశా కార్యకర్తలకు నేర్పే పాఠమే ఇది. మా పది నెలల మనవరాలు ఆయాసపడుతుంటే తీసుకెళ్లిన చోట మాత్రం చొక్కా ఎత్తి చూసిన పాపాన పోలేదు. దగ్గు సిరప్ రాసి "నెక్స్ట్" అన్నారు.

ఆ సిరప్‌ల సంగతి వేరే చెప్పాలా? 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పసివాళ్ల ప్రాణాలు తీసిన దగ్గు మందులో, 0.1 శాతం దాటకూడని డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉందని తేలింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్రం అప్పుడే చెప్పింది. మా ఊళ్లో నాలుగు రోజులు హడావుడి చేసి వదిలేశారు. ఇప్పుడు మందుల షాపులో బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చినట్టు ఇచ్చేస్తున్నారు. పాపకి ఎన్ని నెలలని అడిగే దిక్కు లేదు.

ఇళ్లలోనూ పసివాళ్ల ఊపిరికి పొగతో చేసే చేటు తక్కువేం కాదు. స్నానం కాగానే తలుపులు మూసి సాంబ్రాణి పొగ, రాత్రయితే దోమల చుట్ట. వద్దంటే "నిన్ను పెంచలేదా ఇలాగే" అంటారు. సరే, ముసలివాళ్లకు తెలియదనుకుందాం. మున్సిపాలిటీకి తెలియదా? పిల్లల ఆసుపత్రి ప్రహరీ వెనకే తెల్లారేసరికి ప్లాస్టిక్‌తో సహా చెత్త తగలబెడుతుంటారు. అడిగితే సిబ్బంది లేరమ్మా అంటారు. అగ్గిపుల్ల గీయడానికి మటుకు ఎవరో ఒకరు దొరుకుతారు! ఇంటి పన్ను కాస్త ఆలస్యమైతే ఫోన్‌కు మెసేజ్ పెట్టడానికీ దొరుకుతారు.

జిల్లా వైద్యాధికారి గారికి ఒక్క మనవి. ఓపీ చీటీ మీద బీపీకి, షుగర్‌కు గడులున్నాయి. ఐదేళ్లలోపు పిల్లల చీటీలో 'నిమిషానికి ఊపిరి ఎంత' అని ఇంకో గడి అచ్చు వేయించండి. అది నింపాకే మందు రాయాలని ఆర్డర్ ఇవ్వండి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

- ఓ విశ్రాంత ఉపాధ్యాయురాలు