నాగపూర్ కప్పు చరిత్ర తిరిగి రాసుకున్న ఏడు: కార్యదర్శి వార్షిక నివేదిక, 2023–24

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

మన మద్రాసు పావురాల పందెం సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. అయితే ఈసారి నియమం లేకపోయినా రాసేవాణ్ణి. ఈ ఏడాది జరిగిన పని ఎక్కడా కాగితం మీద లేకుండా పోతే, నిరుటి డిసెంబరులో మనకు జరిగిన నష్టమే ఇంకోసారి జరిగినట్టు.

మీ అందరికీ తెలిసిందే. డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుపాను వాన మద్రాసును ముంచింది. 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేదాకా ఉత్తర మద్రాసులో ఎవరి వీధిలోంచి వాళ్ళు బయటికి రాలేకపోయారు. మన గూళ్ళన్నీ డాబాల మీదే కాబట్టి పావురాలు మునగలేదు. కానీ వ్యాసర్పాడి, కొరుక్కుపేట వైపు చాలా గూళ్ళ రేకులు గాలికి లేచిపోయాయి. కింద గదుల్లో పెట్టుకున్న మేత బస్తాలు తడిసి బూజు పట్టాయి. బూజు మేత పెట్టవద్దని అదే రోజు అందరికీ ఫోన్లు చేశాం. విన్నవాళ్ళ పావురాలు బాగున్నాయి.

సంఘం గది మాత్రం నేల అంతస్తులో ఉంది. బీరువాలో కింది అరలో, నాగపూర్ నుంచి పావురాలను వదిలే మన పెద్ద పందెపు నాగపూర్ కప్పు, దాని పక్కనే విజేతల రిజిస్టరు ఉండేవి. రెండు రోజులు నీళ్ళలోనే ఉన్నాయి. కప్పు కడిగితే మెరిసింది. కప్పు కింది చెక్క పీట ఉబ్బిపోయి, దానికి కొట్టిన, విజేతల పేర్లు చెక్కిన ఇత్తడి ప్లేట్లు ఊడి వచ్చాయి. నాలుగు ప్లేట్లు బురదతోపాటు ఎటు పోయాయో దొరకలేదు. రిజిస్టరు విప్పితే పేజీ పేజీకీ నీలం మరకే తప్ప అక్షరం లేదు. పాతికేళ్ళకు పైగా ఎవరి పావురం ఎంత వేగంతో వచ్చిందో చెప్పే ఒకే ఒక పుస్తకం అది. నకలు తీయించాలని మూడు సమావేశాల్లో తీర్మానం చేశాం. తీయించలేదు. ఆ బాధ్యత కార్యవర్గం మొత్తానిది.

జనవరి నుంచి ఆ చరిత్రను తిరిగి రాయడం మొదలుపెట్టాం. తండయారుపేటలో మన పెద్ద సభ్యుడొకరి ఇంట్లో పాత గడియారం పట్టీలు (పావురం ఇల్లు చేరిన సమయం నమోదైన కాగితాలు) ఒక బిస్కెట్ డబ్బాలో దొరికాయి. రాయపురంలో ఒకరు పెళ్ళి ఆల్బమ్ వెనకనుంచి రింగు కార్డులు (పావురం కాలికి వేసే రింగు నంబరు రాసిన కార్డులు) తీసిచ్చారు. చూళైలో ఒక అమ్మ, చనిపోయిన తన భర్త గెలిచిన పావురం రింగును మంగళసూత్రం పెట్టుకునే డబ్బాలోనే దాచుకున్నారు. ఆమె చేతుల్లోంచి ఆ రింగు తీసుకుని నంబరు రాసుకుని తిరిగి ఇచ్చేటప్పుడు మాకు మాట రాలేదు.

కొత్తగా చేరిన పిల్లల కోసం ఒక సంగతి. ఈ కప్పు మొదటి నుంచీ నాగపూర్ కప్పు కాదు. తొలి ఏళ్ళలో విజయవాడ నుంచే వదిలేవాళ్ళు. తర్వాత వరంగల్, ఆ తర్వాత బల్లార్షా, చివరికి నాగపూర్. ఈ దారి మనవాళ్ళు ఊరికే ఎంచుకున్నది కాదు. గ్రాండ్ ట్రంక్ రైలు మార్గం అదే, బుట్టలు రైల్లో పంపడం తేలిక. గాలిలో లెక్కిస్తే మన గూళ్ళకు నెల్లూరు సుమారు 154 కిలోమీటర్లు, ఒంగోలు 270, విజయవాడ 383, వరంగల్ 546, బల్లార్షా 756, నాగపూర్ 905. మనం మద్రాసులో పుట్టి పెరిగినా మన పావురాలు మాత్రం ప్రతి ఏడూ తెలుగు నేల మీదుగానే ఇంటికి వస్తాయి. కృష్ణ దాటి, పెన్న దాటి, పులికాట్ సరస్సు పక్కగా, బకింగ్‌హామ్ కాలువ వెంబడి వస్తాయని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ మాటను కొట్టిపారేయనక్కరలేదు. పావురాలు దారిలో రోడ్లను పట్టుకుని ఎగురుతాయని, కూడలి దగ్గర రోడ్డుతో పాటే మలుపు తిరుగుతాయని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు జీపీఎస్ కట్టి చూసి 2004లో చెప్పారు.

చరిత్ర రాస్తుంటే ఒక పాత తగువు బయటపడింది. విజయవాడ కాలం నాటి ఒక ఏడాది కప్పు ఎన్నూరు గూటిదేనని ఇన్నాళ్ళూ అందరి జ్ఞాపకం. ఎందుకంటే ఆ పావురమే ముందు దిగింది. బిస్కెట్ డబ్బాలో దొరికిన పట్టీ చూస్తే ఎన్నూరు పావురానికి 325 నిమిషాలు పట్టింది, తాంబరం పావురానికి 345. ఇరవై నిమిషాలు ఆలస్యం. కానీ విజయవాడ నుంచి ఎన్నూరు 367 కిలోమీటర్లే, తాంబరం 401. దూరాన్ని నిమిషాలతో భాగిస్తే ఎన్నూరుకు 1129 మీటర్లు, తాంబరానికి 1162. కప్పు తాంబరానిదే. ముందు దిగింది కాదు, నిమిషానికి ఎక్కువ మీటర్లు ఎగిరింది గెలుస్తుందన్న సూత్రం మీదే మన పందెం నిలబడి ఉంది. ఎన్నూరు కుటుంబం ఆ పట్టీ చూసి, ప్లేటు మార్చమని వాళ్ళే అడిగారు. ఆ పెద్దమనసుకు సంఘం తరఫున చేతులెత్తి మొక్కుతున్నాను.

ఇంకో ఏడాది పట్టీలో ఒకే ఒక్క పేరు ఉంది. మూడో రోజు సాయంత్రం, రెక్క కింద గాయంతో, ఒక రెడ్ చెకర్ (ఎర్ర గళ్ళ రంగు) పెట్ట వచ్చింది. గడువు లోపల మరే పావురమూ రాలేదు. దాని గాయం బైరి డేగ గోళ్ళదని అప్పట్లో చూసినవాళ్ళు చెప్పారు. ఆ పెట్ట మళ్ళీ పందెం ఎగరలేదు, కానీ దాని పిల్లల పిల్లలు ఈనాటికీ ముగ్గురు సభ్యుల గూళ్ళలో ఉన్నాయి. 2015 డిసెంబరు వరదల తర్వాతి పందెం గెలిచిన బ్లూ బార్ (బూడిద నీలం రెక్కల మీద నల్ల చారలు) పోతు, వర్దా తుపాను తర్వాతి ఏడాది గెలిచిన చెకర్, రెండూ ఆ రక్తమేనని రింగు కార్డులు చూస్తే తేలింది. 2020లో లాక్‌డౌన్ వచ్చేసరికి బల్లార్షా దాకా పందేలు అయిపోయాయి, నాగపూర్ మాత్రం జరగలేదు. ఆ ఏడాది ప్లేటు మీద ‘పందెం జరగలేదు’ అని చెక్కించాం. జరగని ఏడు కూడా చరిత్రే.

ఇక మీదట ప్లేటు మీద యజమాని పేరుతోపాటు పావురం రింగు నంబరు, రంగు, ఆడదో మగదో కూడా చెక్కాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎగిరింది అది కదా.

ఫిబ్రవరి 18 ఆదివారం జరిగిన ‘కప్పు రోజు’ గురించి గర్వంగా రాస్తున్నాను. కప్పును కొత్త టేకు పీట మీద నిలబెట్టి, తిరిగి రాసిన విజేతల పట్టికను గోడంతా అతికించాం. దాని పక్కనే ప్రపంచంలోని పెద్ద పందేల గురించి మన పిల్లలే రాసిన అట్టలు పెట్టాం. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ 1886లో బ్రిటిష్ రాజకుటుంబానికి పావురాలు కానుకగా ఇచ్చిన సంగతి, ఆ గూటి పావురం 1899లో షెట్లాండ్ దీవుల్లోని లెర్విక్ నుంచి జరిగిన జాతీయ పందెం గెలిచిన సంగతి ఒక అట్ట మీద. 1951లో మొదలైన బార్సిలోనా అంతర్జాతీయ పందెం ఇంకో అట్ట మీద. బార్సిలోనా నుంచి బ్రస్సెల్స్ ఎంత దూరమో మనకు ఇటార్సి సుమారు అంత దూరం అని పటం గీసి చూపించిన ఎనిమిదో తరగతి పాప చుట్టూ గంటసేపు జనం తగ్గలేదు. 1997లో ఫ్రాన్స్‌లోని నాంత్ నుంచి బ్రిటన్ వాళ్ళు వదిలిన సుమారు 60 వేల పావురాల్లో చాలావరకు ఇల్లు చేరలేదన్న అట్ట దగ్గర పాత సభ్యులు చాలాసేపు నిలబడిపోయారు. ఆ నష్టం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు.

మన పొరుగు సంగతీ మరవలేదు. సైన్యం ఇచ్చిన పావురాలతో ఒడిశా పోలీసులు 1946లో కోరాపుట్‌లో మొదలుపెట్టిన పావురాల టపా 2002 దాకా నడిచింది. మన విజయనగరానికి దగ్గరి జిల్లా అది. హైదరాబాదు పాతబస్తీ నుంచి కబూతర్‌బాజీ కుటుంబాలు కొన్ని వచ్చాయి. వాళ్ళది గూటి మీదే గంటల తరబడి గుంపుగా తిప్పే ఆట, మనది దూరం నుంచి ఇంటికి రప్పించే ఆట. అయినా పావురాన్ని చేత్తో పట్టుకునే తీరు చూడగానే ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టారు.

ఇంత గొప్పగా జరిగిన రోజున కుర్చీలు వేయడానికి, తీయడానికి నలుగురమే ఉన్నాం. పేర్లు ఇచ్చినవాళ్ళు పదిహేడుమంది. ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను.

పందేల సంగతి. తుపాను వల్ల శిక్షణ టాసులు (పందేలకు ముందు దగ్గరి ఊళ్ళ నుంచి వదిలి అలవాటు చేయడం) మూడు వారాలు వెనక్కి జరిగాయి. సూళ్ళూరుపేట, గూడూరు టాసులు జనవరిలో అయ్యాయి. సంక్రాంతి వారం వదలలేదు. గాలిపటాల నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా ఆ దారం ఇంకా ఆకాశంలో ఉంది, రెక్కలు తెగిన పావురాలు ఇంకా వస్తున్నాయి. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ ఫిబ్రవరిలో, వరంగల్, బల్లార్షా మార్చిలో బాగానే జరిగాయి. వివరాలు ఫలితాల పట్టికలో ఉన్నాయి.

నాగపూర్ పందెం మాత్రం మార్చి 24కు వెనక్కి జరిగింది. అంత ఆలస్యంగా ఎప్పుడూ వదలలేదు. మార్చి 16న ఎన్నికల ప్రకటన రావడంతో దారిపొడవునా తనిఖీలు మొదలయ్యాయి. ఒక చెక్‌పోస్టులో మన వ్యాన్‌ను నాలుగు గంటలు ఆపారు. బుట్టల్లో డబ్బుందా అన్నారు, కాళ్ళకు రింగులేమిటన్నారు. సంఘం ఉత్తరం, పశువైద్యుడి ధ్రువపత్రం చూపించినా చదవలేదు. ఎండలో బుట్టలకు తడి గోనెలు కప్పి, మన ఇద్దరు కుర్రాళ్ళు తాము తాగే నీళ్ళు పావురాలకు పోశారు. తోడు వెళ్తామని మాట ఇచ్చిన తొమ్మిదిమందిలో వ్యాన్ ఎక్కింది ఆ ఇద్దరే. రింగు చూసి అనుమానపడటం మన ఒక్కరికే జరిగిందీ కాదు. ముంబయిలో 2023 మేలో పట్టుకున్న పావురం తైవాన్ పందెపు పావురమని తేలి, 2024 జనవరి చివర్లో వదిలిపెట్టేదాకా అది ఎనిమిది నెలలు గూటికి దూరంగా ఉండిపోయింది. వచ్చే ఏడు ప్రతి బుట్ట మీద తెలుగు, హిందీ, మరాఠీల్లో వివరాల అట్ట కడతాం.

24 ఉదయం 6.30కి బుట్టలు తెరిచారు. ఆ రోజు ఒక్కటీ రాలేదు. 25 ఉదయం 9.25కి వ్యాసర్పాడిలో ఒక రైల్వే కార్మికుడి ఇంటి మీద బ్లూ బార్ పెట్ట వాలింది. చీకటి గంటలు తీసేస్తే 910 నిమిషాలు, నిమిషానికి 994 మీటర్లు. పది రోజులుగా గుడ్ల మీద కూర్చున్నదాన్ని పంపారు. గూట్లోకి దూరి నీళ్ళు కూడా తాగకుండా నేరుగా గుడ్ల దగ్గరికే వెళ్ళిందని ఆ ఇంటి అమ్మాయి ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. ఆ కుటుంబానికి సంఘం హృదయపూర్వక అభినందనలు.

రాని పావురాలు ఈసారి ఎక్కువ. ఎండ ఒక కారణం, చెక్‌పోస్టు ఇంకో కారణం, ఆ తేదీకి ఒప్పుకున్న మనం మూడో కారణం. మార్చి 10 దాటితే నాగపూర్ పందెం రద్దు చేయాలన్న తీర్మానాన్ని సభ ముందు పెడుతున్నాను. దయచేసి చర్చ లేకుండా తోసిపుచ్చకండి.

మెడ తిరుగుడు జబ్బుకు టీకా శిబిరం జూన్‌లో జరిగింది. కోళ్ళ కొక్కెర తెగులు జాతిదే ఈ జబ్బు, ఒక్క గూటికి వస్తే వీధి మొత్తానికి వస్తుంది. టీకా వేయించని గూళ్ళ పావురాలను వచ్చే సీజను నుంచి బుట్టకు తీసుకోము. శిబిరానికి స్థలం అడుగుతూ ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి ఒక సభ్యుడి కల్యాణ మండపంలోనే జరుపుకున్నాం.

జమాఖర్చులు: ఆడిటర్ గారు సంతకం చేసిన పట్టిక జతచేశాం. వ్యాన్ అద్దె, కొత్త పీట వల్ల ఖర్చు జమను మించింది, తేడా పాత నిల్వలోంచి సర్దాం. చందా బాకీలున్నవారు ఈ నెలలో కట్టగలరు.

కృతజ్ఞతలు: తడిసిన రిజిస్టరు పేజీలను ఒక్కొక్కటిగా ఆరబెట్టిన కోశాధికారి గారి శ్రీమతికి, ప్లేట్లు కూలి తీసుకోకుండా చెక్కిన ప్యారిస్ కార్నర్ చెక్కుడు పనివారికి, టేకు చెక్క ఇచ్చిన పెరంబూరు మేస్త్రి గారికి, ఉచితంగా టీకాలు వేసిన డాక్టరు గారికి, వ్యాన్ డ్రైవరుకు, ఆ ఇద్దరు కుర్రాళ్ళకు, కప్పు రోజున పులిహోర పంపిన కొరుక్కుపేట మహిళలకు, హైదరాబాదు అతిథులకు, చూళై అమ్మకు.

పట్టిక మూడు ప్రతులు తీశాం. ఒకటి అధ్యక్షుల దగ్గర, ఒకటి నా దగ్గర, ఒకటి బీరువా పై అరలో ఉన్నాయి. పోయిన నాలుగు ప్లేట్లలో మూడింటికి విజేతలు తేలారు. వరంగల్ నుంచి వదిలిన మొదటి ఏడాది విజేత మాత్రం ఇంకా తెలియలేదు. ఆ ఏటి గడియారం పట్టీ గాని, రింగు కార్డు గాని, ఫొటో గాని ఎవరి ఇంట్లోనైనా ఉండవచ్చు. అటకలు, ట్రంకు పెట్టెలు ఒక్కసారి వెతకండి. ఆ ప్లేటు చెక్కించకుండా పీట మీద దాని చోట ఖాళీగానే బిగించాం.

ఇట్లు,
కార్యదర్శి