ఆగస్టు 6న మాతో నిలబడినవాళ్లకు, ముఖ్యంగా సీసాల అమ్మమ్మకు

రాత్రి ఒంటిగంటన్నర అయింది. పొద్దున్న ఆరున్నరకు షిఫ్టు. కాళ్లు గుంజుతున్నాయి, జుట్టంతా కొవ్వొత్తుల వాసన, నిద్ర మాత్రం రావట్లేదు. రేపు రాద్దాంలే అనుకుంటే ఇక ఎప్పటికీ రాయను, నా సంగతి నాకు తెలుసు. తప్పులుంటే సర్దుకోండి.

చుండూరు మృతుల కోసం ఈ సాయంత్రం ఇక్కడ టొరంటోలో, స్కార్‌బరో పార్కులో నిలబడదామని పిలిస్తే అరవై మందికి పైగా వచ్చారు. ఇరవై మంది వస్తే చాలనుకున్నాం. వచ్చిన ప్రతి ఒక్కరికీ దండం.

ఇక్కడ పుట్టిన పిల్లలు కొందరు "చుండూరులో ఏం జరిగింది ఆంటీ?" అని అడిగారు. హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. తెనాలి దగ్గర ఊరది, అప్పట్లో గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల. 1991లో సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు పెద్ద కులం మనిషికి తగిలిందని గొడవ మొదలైంది. ఆ తర్వాత దళితులకు పనులు లేకుండా చేశారు, వెలి వేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మాది చుండూరు కాదు, తెనాలికి ఇవతల ఇంకో ఊరు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ వారమంతా మా పేటలో మగవాళ్లెవరూ రాత్రిళ్లు ఇంట్లో పడుకోలేదు. నాకు గుర్తున్నది అంతే, ఖాళీ మంచాలు.

ఇక అసలు చెప్పాల్సిన మనిషి సంగతి.

నాలుగున్నరకే వెళ్లి టేబుల్ వేసి, ఎనిమిది పేర్లు అట్టల మీద రాసి నిలబెట్టాం. సరస్సు వైపు నుంచి ఒకటే గాలి. అట్టలు పడిపోతున్నాయి, కొవ్వొత్తి వెలిగిస్తే నిమిషం నిలవట్లేదు. మా వాళ్లలో ఒకాయన బ్యాటరీ దీపాలు కొనుక్కొస్తానన్నాడు, ఇంకొకాయన అసలు దీపాలే వద్దన్నాడు. అక్కడే మాలో మాకు మాట పెరిగింది. నేను గడ్డి మీద కూర్చుని, ఎందుకొచ్చిన పని ఇదంతా అనుకుంటున్నాను. నిజంగానే అనుకున్నాను.

పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ, చీర మీద స్వెటర్. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో ఏమో. లేచి వచ్చి "పిళ్ళై, ఎంతమంది?" అని అడిగారు. మొదటి మాట మన పిల్లా లాగే వినపడింది, మిగతాది ఇంగ్లీషు. వచ్చేవాళ్ల గురించి అనుకుని ఇరవై మంది అన్నాను. తల అడ్డంగా ఊపి, అట్టల వైపు చెయ్యి చూపించారు. ఎనిమిది అన్నాను. ఇంకేం మాట్లాడకుండా వెళ్లి బస్సెక్కారు. పిచ్చిదేమో పాపం అనుకున్నాను, ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ముప్పావుగంటకు వచ్చారు, చక్రాల సంచీ లాక్కుంటూ. లోపల జామ్ సీసాలు, పచ్చడి సీసాలు, అన్నీ కడిగి తుడిచినవి. ఒక్కోదాంట్లో సగానికి ఉప్పు. వంట ఉప్పు కాదు, చలికాలం మెట్ల మీద మంచు కరగడానికి చల్లుతామే, ఆ ఉప్పు. అందులో కొవ్వొత్తి గుచ్చితే కదలదు, సీసా బరువుకు గాలికి పడదు, అంచు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆరిపోదు. ఎవరు నేర్పారండీ అని అడిగితే "ప్రాక్టీస్" అన్నారు.

ఆవిడది శ్రీలంకలో యాఴ్‌పాణం, అంటే మనం జాఫ్నా అంటాం. ముళ్లివాయ్‌క్కాల్ అంటే శ్రీలంక యుద్ధం ఆఖర్లో వేలమంది తమిళులు చనిపోయిన చోటు. వాళ్ల కోసం ప్రతి మే 18న ఈ టొరంటోలోనే నిలబడుతున్నారు, 2009 నుంచి ఒక్క ఏడు తప్పకుండా. ఆ ఏడాది మే 10న ఇక్కడి తమిళులు గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద కూర్చున్నారు కదా, ఆవిడా కూర్చున్నారట. "ఊళ్లో బాంబులు పడుతున్నాయని రోడ్డెక్కాం. ఎవర్ని చూసినా ట్రాఫిక్ గురించే అడిగారు" అన్నారు. ఎనిమిది రోజులకు అక్కడ అంతా అయిపోయింది. ఇంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఏమని పిలవాలండీ అంటే, మనవలు అమ్మమ్మ అంటారని చెప్పారు. మద్రాసు వైపు పాట్టి అంటారు గానీ వాళ్ల వైపు తల్లికి తల్లి అమ్మమ్మేనట. అచ్చం మన మాట! అమ్మమ్మ అన్నాక నా నోట గారూ గీరూ రాలేదు, ఇక్కడా రాయను.

పేర్లు చదవడం నా వంతు. కూర్చోబెట్టి నా చేత ముందే పైకి చదివించింది. మూడో పేరు దగ్గర నా గొంతు పూడుకుపోయింది. ఊరుకో తల్లీ అంటుందేమో, దగ్గరకు తీసుకుంటుందేమో అనుకున్నాను. అదేం లేదు. "ఏడుపు తర్వాత. పేరు సగంలో ఆపకూడదు. మళ్లీ మొదటినుంచి" అంది. నాలుగుసార్లు చదివించింది. తనకు తెలుగు రాదు, ఆ మనుషులెవరో తెలియదు. అయినా నేను ఒక ఇంటిపేరు మింగేస్తే పట్టుకుంది. సభలో ఎనిమిది పేర్లూ తడబడకుండా చదివానంటే ఆ నాలుగుసార్ల వల్లే.

సీసాలు సర్దుతుంటే తొమ్మిది ఉన్నాయి. ఎనిమిది చాలు అమ్మమ్మా, ఒకటి ఎక్కువొచ్చింది అన్నాను. "అది నాది" అంది. టేబుల్ మీద పెట్టలేదు. బెంచీ కింద, గాలి తగలని చోట వెలిగించుకుని దాని పక్కన కూర్చుంది. అక్కడ నాకు తెగిపోయింది. టేబుల్ వెనక్కి వెళ్లి నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను. తెనాలిలో ఏడవలేదు, నాన్న పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు.

మా ఆయన, పిల్లలు, తోడికోడలు అందరూ చేశారు. ఇంట్లోవాళ్లకు థాంక్స్ ఏంటి, వంట కూడా వాళ్లే చేసుకున్నారు.

ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. మొదట దీన్ని ఒక హాల్లో చేద్దామనుకున్నాం. పండగలకు చందాలిచ్చే హాలే, మన తెలుగువాళ్లదే. అడిగితే ఒకాయన చాలా మర్యాదగా "మీదే ఊరమ్మా? ఇంటిపేరు?" అన్నారు. చెప్పాను. ఆ తర్వాత నెలన్నర హాలు ఖాళీ లేదు. ఇంకొకరు "ఇంత దూరం వచ్చి కూడా పాత గాయాలు రేపడం దేనికి?" అని మెసేజ్ పెట్టారు. గాయం మానితే కదండీ పాతది అవడానికి. పార్కు పర్మిషన్ కోసం తిరిగితే అదో పురాణం. ఒక ఫారం, దానికి ఇన్సూరెన్స్ కాగితం, ఆ కాగితం మీద పేరు వేరుగా ఉందని మళ్లీ ఫారం. రెండు రోజుల ముందు మైకు పెట్టకూడదని మెయిల్. ఎనిమిది పేర్లు చదవడానికి ఎంత మైకు కావాలి? నోటితోనే చదివాం, ఆఖరి వరసకు వినపడింది.

ఇదే ఇంత చిరాకైతే చుండూరులో చనిపోయినవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఎలా భరించారో. కేసు వేరే ఊళ్లో కాదు, మా ఊళ్లోనే నడవాలని కొట్లాడి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. లాయరు బొజ్జా తారకం గారి లాంటివాళ్లు వాళ్ల వెనక నిలబడ్డారు. 2007 జులై 31న తీర్పు వచ్చింది, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. అంటే చంపిన పదహారేళ్లకు. ఇంకో ఏడేళ్లకు, 2014 ఏప్రిల్‌లో, ఎవరు ఎక్కడ ఎప్పుడు చంపారో రుజువు కాలేదని హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ రోజు ఫోన్లో మా అమ్మ అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "అయితే గోనెసంచుల్లోకి వాళ్లే దూరారంటనా?"

అందుకే సంతకాల కాగితం పెట్టాం. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో బాధితుల హక్కులు, సాక్షుల రక్షణ అన్నీ రాశారు. రాసింది చెయ్యమనే అడుగుతున్నాం, కొత్తవేం కోరట్లేదు. 143 సంతకాలు వచ్చాయి. అమ్మమ్మ తమిళంలో పెట్టింది. ఇంగ్లీషులో పెడితే బాగుంటుందేమో అని మా వాళ్లెవరో గొణిగారు. ఉండనివ్వండి, ఆ సంతకం అలాగే వెళ్తుంది.

చీకటి పడ్డాక ఫోన్లు తీసి, పొద్దున రక్తక్షేత్రం దగ్గర, అంటే చుండూరులో ఆ మృతుల్ని పూడ్చిన చోట, తీసి పంపిన వీడియో చూశాం. మేం ఇక్కడ ఆరో తేదీ సాయంత్రం నిలబడేసరికి అక్కడ ఏడో తేదీ వచ్చేసింది. ఆ వీడియో కోసం తెనాలి నుంచి ఎండలో బండి మీద వెళ్లొచ్చిన తమ్ముడూ, పేరు రాయొద్దన్నావు కాబట్టి రాయట్లేదు.

తొమ్మిదింటికి అమ్మమ్మ లేచింది. తన సీసా ఆర్పి, చీర చెంగుతో పట్టుకుని సంచీలో పెట్టుకుంది. మిగతా ఎనిమిదీ "మీకే, వచ్చే ఏడు కావాలి కదా" అని వదిలేసింది. కారులో దింపుతామన్నా వినలేదు, బస్ పాస్ ఉందట. బస్సు కదిలాక గుర్తొచ్చింది, ఫోన్ నంబరు తీసుకోలేదు, పేరైనా అడగలేదు. ఎనిమిది పేర్లు తప్పు లేకుండా చదివించిన మనిషి పేరు నాకు తెలియదు. ఆమెకు తెలుగు రాదు, ఈ పోస్టు చదవలేదు. మీలో తమిళం వాళ్లతో పరిచయం ఉన్నవాళ్లు ఎవరైనా కాస్త కనుక్కోండి. మే 18కి ఎక్కడ నిలబడతారో చెబితే సీసాలు తీసుకుని మేం వస్తాం.

అయ్యో, మర్చిపోయాను. అట్టల మీద పేర్లు అంత అందంగా రాసిన చెల్లికి, లెక్క చూసుకోకుండా ప్రింట్లు తీసిచ్చిన పంజాబీ అబ్బాయికి, ఎవరూ చెప్పకుండానే గడ్డిలో మైనం ఏరిన ఇద్దరు నేపాలీ స్టూడెంట్లకు థాంక్స్. నీళ్ల బాటిళ్లు ఎవరు తెచ్చారో తెలియదు, వాళ్లకూ. ఇన్సూరెన్స్ కాగితం ఇప్పించిన అన్నా, నిన్ను పైనే రాయాల్సింది, ఏమనుకోకు.

ఇంకొకటి. తెల్ల మడత టేబుల్ ఎవరిదో మా కారు డిక్కీలో ఉండిపోయింది, ఒక కాలు వదులుగా ఉంటుంది. మీదైతే మెసేజ్ పెట్టండి, ఆదివారం తెచ్చిస్తాను.